ఊడ్చిన ఇల్లు, దిగని విమానం

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో మక్తల్‌లోని ఒక కోడలు, చేతిలో ఉన్న ఈతచీపురుతో, బొంబాయి నుంచి జెద్దా పోతున్న హజ్ విమానాన్ని అరేబియా సముద్రం మీద రెండున్నర గంటలు కదలకుండా నిలబెట్టింది. అందులో కూర్చున్న యాత్రికులు కిటికీల్లోంచి కిందికి చూస్తే, ఎంతసేపటికీ అదే అల, అదే పడవ, ఆ పడవలో అదే మనిషి బీడీ ముట్టించుకుంటూ కనబడ్డాడట.

సరే, కదలకుండా అన్నమాట కొంచెం ఎక్కువే. కదలని విమానం కింద పడుతుందని లెక్కలు తెలిసినవాళ్ళు అంటారు. బీడీ సంగతి కూడా ప్రమాణం చేసి చెప్పలేం. కానీ చీపురు నిజం, రెండున్నర గంటలు నిజం, కోడలు నిజం. ఆమె పేరు షరీఫున్నీసా.

షరీఫున్నీసా పుట్టింది నల్లగొండ పక్కన పానగల్‌లో. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టడం తల్లి దగ్గర నేర్చుకుంది. మక్తల్‌లో బస్టాండు ఎదురుగా కిరాయి సైకిళ్ళ దుకాణం పెట్టుకున్న యాకూబ్‌కు ఆమెనిచ్చి చేశారు. పానగల్ నుంచి మక్తల్ రావాలంటే కోడికూతకు లేచి నల్లగొండలో బస్సెక్కాలి, హైదరాబాదులో దిగి పాలమూరు బస్సు పట్టాలి, అక్కడ దిగి రాయచూరు బస్సు పట్టాలి. పాలమూరంటే మహబూబ్‌నగరే. అంత పొడుగు పేరు బస్సు బోర్డు మీద రాయడానికే గాని మనుషులు పిలవడానికి కాదు. మక్తల్‌లో దిగేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. కొత్తలో ఆమెకు బస్సు మారిన ప్రతిసారీ తల్లి ఇంకో ఊరు వెనక్కి జరిగినట్టుండేది. దూరమంటే ఆమెకు తెలిసింది అదే: దార్లో ఎన్నిసార్లు దిగి ఎక్కాలి అన్నది. మైళ్ళ లెక్క ఆమెకు అక్కర్లేకపోయింది.

మక్తల్‌లో కూడా ఆమె బొంతలే కుట్టింది. ఆ బజారులో ఏ పసిపిల్ల కింద చెయ్యి పెట్టి చూసినా ఆమె కుట్టే తగిలేది. మాట నెమ్మది, చెయ్యి చురుకు. ఎవరితోనూ తగువు లేదు, ఒక్క అత్తతో తప్ప. ఆ తగువు కూడా బయటివాళ్ళకు కనబడేది కాదు.

అత్త హనీఫా బీ కోడల్ని ఏనాడూ తిట్టలేదు, కొట్టలేదు, తిండికి మాడ్చలేదు. ఆమె చేసే పని ఒకటే. షరీఫున్నీసా ఇల్లు ఊడ్చి చీపురు మూలకు పెట్టగానే, ఆమె వచ్చి అదే చీపురు తీసుకొని, అదే ఇల్లు మళ్ళీ ఊడ్చేది. ఒక్క మాట అనేది కాదు. రెండోసారి ఊడిస్తే ఏం వస్తుంది? ఏమీ వచ్చేది కాదు. ఆ రాని దుమ్మునే జాగ్రత్తగా చేటలోకెత్తి, బయటికి తీసుకుపోయి, పారబోసి, చేట దులిపి లోపలికి వచ్చేది. పెళ్ళయిన మర్నాటి నుంచి ఇదే వరస. తిట్టే అత్తకైతే బదులు చెప్పొచ్చు. ఊడ్చే అత్తకు ఏం చెబుతారు?

అట్లాంటి హనీఫా బీకి ఆ ఏడు హజ్‌కు పోయే భాగ్యం కలిగింది. వెంట తమ్ముడు పీర్ మహమ్మద్. బొంబాయి దాకా దిగబెట్టి రావడానికి కొడుకు యాకూబ్.

హజ్‌కు పోయేవాళ్ళు కదిలే ముందు తెలిసినవాళ్ళందరినీ కలిసి, తెలిసీ తెలియక అన్నవీ చేసినవీ మాఫ్ చెయ్యమని అడగాలి. మనసులో ఒకరి బరువు మిగిలినా ఆ యాత్ర పూర్తి కాదంటారు. హనీఫా బీ ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటామె అండాలు చేతులు కడుక్కుంటూ వచ్చి, “నన్నెందుకు అడుగుతున్నవ్ హనీఫమ్మా? ఆ కోడిపెట్ట సంగతేనా? మరిచిపోయిన గని, గుర్తుచేసినవ్ సూడు,” అంది. కిరాణా కొట్టు మల్లప్ప, “నువ్వు నన్ను అన్నది తక్కువ, నేను నీకు తూకంల తక్కువేసింది ఎక్కువ. నువ్వే మాఫ్ చెయ్యి,” అన్నాడు. అంతా నవ్వుకున్నారు.

చివరికి బస్టాండులో, మెడలో మూడు బంతిపూల దండలతో, కోడలి ముందు నిలబడింది. “ఏమన్న అనుంటే మాఫ్ చెయ్యి బిడ్డా,” అంది.

షరీఫున్నీసా ఆ మాటను రెండువైపులా తిప్పి చూసుకుంది. అన్నదేముంది? ఆమె ఏమీ అనలేదు కదా. ఊడ్చినందుకు అని అడిగితే అప్పుడు చెబుదాం అనుకుంది.

“రాయచూరు బస్సొచ్చింది అమ్మీ,” అంది.

బస్సు నిజంగానే వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. రొట్టెల మూట కిటికీలోంచి అందించారు. బస్సు కదులుతుండగా హనీఫా బీ దండల మధ్య నుంచి తల బయటికి పెట్టింది.

“మేము జెద్దాల దిగిందాంక ఇల్లు ఊకకు. పొరక ముట్టకు.”

ఇది ఆమె ఒక్కదాని పట్టింపు కాదు. ఊరికి పోయినవాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడిస్తే, వాళ్ళనే ఇంట్లోంచి ఊడ్చి పారేసినట్టని ఆ బజారులో తురకలూ నమ్ముతారు, హిందువులూ నమ్ముతారు. పాలమూరు పోయినవాళ్ళు పగటికి చేరతారు, హైదరాబాదు పోయినవాళ్ళు మాపటికి చేరతారు, మర్నాడు ఊడ్చుకుంటారు. అయితే చేరడానికి ఇన్ని రోజులు పట్టే ప్రయాణం ఆ బజారులో అంతకు ముందు ఎవరూ చేసి ఉండలేదు. రాయచూరులో రైలు, బొంబాయిలో హాజీలు దిగే ముసాఫిర్‌ఖానా, అక్కడ విమానం కోసం వంతు.

ఇల్లు ఊడవకుండా ఉండిపోయింది. వీడ్కోలుకు వచ్చినవాళ్ళు రాల్చిపోయిన బంతిపూల రెక్కలు, బొంతల గుడ్డపేలికలు, దారపు ముక్కలు, కోళ్ళు తొక్కి తెచ్చిన మట్టి. విత్తనాల కాలం కావడంతో అండాలు తన పల్లికాయ బుట్టతో వచ్చి నట్టింట్లో కూర్చుంది. “ఎట్లాగూ ఊకవు గద వదినె, పొట్టు ఈడనే ఏస్త,” అని ఒలిచింది. ఇంకో ఇద్దరు కూడా బుట్టలు తెచ్చుకున్నారు. నడిస్తే కాలికింద కరకరలాడుతోంది ఇల్లు. షరీఫున్నీసా గోడకు ఆనించి ఉన్న చీపురును చూస్తూ కుట్టుకుంటోంది. ఆమెకు కోపం రాలేదు. చీపురు పట్టిన నాడు ఆ ఇల్లు ఒక్కసారే ఊడుస్తుంది. వెనక ఎవరూ రారు. పెళ్ళయినప్పటి నుంచి అట్లాంటి ఊడుపు ఆమె ఎరగదు. పండగకు కొత్త చీర కోసం చూసినట్టు దాని కోసం చూసింది.

ఒక సాయంత్రం మల్లప్ప కొట్లో ఫోను మోగింది. బొంబాయి నుంచి యాకూబ్. ఆ బజారు మొత్తానికీ అదొక్కటే ఫోను. మల్లప్ప విని, పెట్టేసి, కబురు చేశాడు. షరీఫున్నీసా పోయేసరికి కొట్టు ముందు నలుగురు చేరి ఉన్నారు.

“రేపు పొద్దుగాల తొమ్మిదింటికి బొంబాయిల లేస్తదట చెల్లె. పదకొండున్నరకు జెద్దాల దిగుతదట. టికెట్ మీదనే రాసున్నదని చెప్పిండు మీ ఆయన,” అన్నాడు మల్లప్ప.

“అంటే రెండున్నర గంటలేనా?” అన్నాడు ఉప్పు కోసం వచ్చిన మారయ్య. “మన పాలమూరు బస్సుకు గంతే పడతది గద.”

“పాలమూరు బస్సు మరికల్ల ఆగుతది, దేవరకద్రల ఆగుతది, డ్రైవర్ ఛాయ తాగుతడు. విమానం యాడ ఆగుతది?” అన్నాడు మల్లప్ప.

“నడుమ సముద్రముంటదంటరు.”

“ఉంటే మంచిదే. సముద్రం మీద గతుకులుండవు.”

ఇంటికి నడుస్తూ షరీఫున్నీసా ఒక సంగతి తట్టి ఆగిపోయింది. పానగల్ పోవాలంటే పగలంతా. జెద్దా పోవాలంటే పాలమూరు పోయినంత. అంటే తన పుట్టిల్లు కన్నా మక్కా దగ్గరన్నమాట. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నుంచి సూది నడవలేదు. పని లేకపోయినా మల్లప్ప కొట్టుకు పోయి, చింతపండు చూసి, వద్దని, మళ్ళీ పోయి గోడ గడియారం చూసింది. “పదకొండున్నర దాటిపోయింది,” అన్నాడు మల్లప్ప. “మీ అత్త దిగింది. ఈపాటికి అరబ్బోళ్ళ ఇల్లు గూడ మళ్ల ఊకుతుంటది పో.”

ఆమె ఇంటికి వచ్చి కొంగు నడుముకు దోపింది. లోపలి గదితో మొదలుపెట్టింది. తొందరపడలేదు. మూలమూలా తీసింది. పల్లిపొట్టు అలలు అలలుగా ముందుకు కదిలింది. పూలరెక్కలు, పేలికలు, దారాలు, అన్నీ గడప దగ్గరికి చేరాయి. నాలుగు గంపలయింది. పెరట్లో పెంటకుప్ప మీద పారబోసి, గంప దులిపి, లోపలికి వచ్చి నిలబడింది. చీపురు మూలకు పెట్టి, అలవాటు కొద్దీ పక్కకు జరిగింది. ఎవరూ రాలేదు. ఇల్లు ఊడ్చినట్టే ఉండిపోయింది. ఆమె ఆ నట్టింట్లో వట్టి నేల మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. చాలా బాగుంది.

అప్పుడు వచ్చాడు చోటే మియా. యాకూబ్‌కు చిన్నాయన కొడుకు. జెద్దాలో లారీ నడుపుతాడు, నెల సెలవు మీద వచ్చి ఉన్నాడు. హజ్‌కు పోయినవాళ్ళ సంగతి కనుక్కుందామని గుమ్మంలో చెప్పులు విడిచాడు.

“పెద్దమ్మ సంగతేమన్న తెలిసిందా భాబీ?”

“దిగింది. పదకొండున్నరకే దిగింది.” ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

చోటే మియా తన చేతిగడియారం చూసుకున్నాడు. సెలవులకు వచ్చినా దాన్ని మన టైముకు తిప్పుకోలేదు, జెద్దా టైములోనే నడుస్తోంది. “పదకొండున్నర యాడయింది? ఇంకా పది దాటిందంతే.”

“నీ గడియారం పాడయింది. అక్కడ మల్లప్పన్న గడియారంల ఒంటిగంట కావస్తాంది.”

“మల్లప్పన్నది మక్తల్ టైం. నాది జెద్దా టైం. టికెట్ మీద లేసే టైం బొంబాయిది రాస్తరు, దిగే టైం జెద్దాది రాస్తరు. ఆళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ఎనకుంటది భాబీ. విమానం నడిచేది మొత్తం అయిదు గంటలు. మన లెక్కల రెండింటికి దిగుతది.” గుమ్మంలో నుంచి పడమటి దిక్కు చూపించాడు. “ఇప్పుడు ఇంక సముద్రం మీదనే ఉన్నరు.”

షరీఫున్నీసా ఊడ్చిన నేలను చూసింది. అత్త బస్టాండులో దండలు వేసుకొని నిలబడిన తీరు కళ్ళ ముందుకు వచ్చింది. మాఫ్ అని అడిగితే, ఇవ్వలేదు. ఊకకు అంటే, ఊడ్చింది. ఆ ముసలామె కింద భూమి లేకుండా, వెనక కోడలి మాఫ్ లేకుండా, సముద్రం మీద ఉంది. ఏమన్నా అయితే ఆ మాట ఇంకెవరికి చెప్పాలి?

లేచి గంప తీసుకొని పెరట్లోకి పోయింది. కుప్ప మీద కోళ్ళు అప్పుడే కెలుకుతున్నాయి. వాటిని తోలి, వంగి, రెండు చేతులతో చెత్త గంపకెత్తడం మొదలుపెట్టింది.

గోడ అవతల నుంచి అండాలు తల కనబడింది. “ఏంది వదినె, ఏమన్న పోయిందా? ముక్కుపుల్లనా?”

“చెత్త పోయింది.”

“చెత్త పోతే మంచిదే గద.”

“మా అత్త ఇంక దిగలేదు అండాలూ. పైననే ఉన్నది. నేను ఊకేసిన.”

అండాలు నవ్వలేదు. అదే ఆమెలో గొప్ప. గోడ దిగి వచ్చి కుప్ప పక్కన గొంతుక్కూర్చుంది. “ఎంత ఊకితే అంత మళ్ల లోపలికి పోవాలె. తక్కువైతే మంచిది గాదు,” అంది. ఇద్దరూ ఏరారు. “ఈ చిక్కుడు తొక్కలు నేను గోడ మీద నుంచి ఏసినయి, ఇవి తియ్యి. ఆ పచ్చ పేలిక నీదే, మొన్న బొంతది. పొట్టు కోళ్ళు చెదరగొట్టినయి, ఇంత తక్కువైతది.”

“ఎట్ల మరి?”

“పొట్టు నేను ఒలిచిందే గద. మా ఇంట్ల ఇంకింతున్నది, తెస్త.”

నాలుగు గంపలూ మళ్ళీ ఇంట్లోకి వచ్చాయి. షరీఫున్నీసా గుర్తు తెచ్చుకుంటూ పరిచింది. పూలరెక్కలు గుమ్మం దగ్గర, పేలికలు కిటికీ కింద, పొట్టు నట్టింట్లో. చోటే మియా గుమ్మంలోనే నిలబడి జెద్దా టైము చెబుతున్నాడు. సాయం చెయ్యబోతే అండాలు ఒప్పుకోలేదు. “నువ్వు గడియారం సూడు. ఆళ్ళ టైం ఎందుకు ఎనకబడ్డది నాయినా?”

“సూర్యుడు ముందుగాల మన దగ్గరికొచ్చి, తర్వాత అక్కడికి పోతడక్కా.”

“రెండున్నర గంటలు పడతదా ఆయనకు పోను?”

“పడతది.”

“పాలమూరు బస్సంతే ఉన్నడు,” అంది అండాలు, పొట్టు చల్లుతూ.

ఆఖరి గుప్పెడు నేల మీద పడేసరికి చోటే మియా గడియారంలో పదకొండున్నర అయింది. “దిగాలె ఇప్పుడు,” అన్నాడు. ముగ్గురూ ఒకసారి పైకి చూశారు. పైన దూలాలున్నాయి.

జెద్దా విమానాశ్రయంలో సామాన్లు మోసే దోస్తు ఒకడున్నాడనీ, పెద్దమ్మను చూడగానే మల్లప్ప కొట్టుకు ఫోను చేసి ఆమెతోనే మాట్లాడించమని ముందే చెప్పి పెట్టాననీ చోటే మియా ధైర్యం చెప్పాడు. ఆ ఫోను రావాలి. షరీఫున్నీసా ఆ చెత్త మధ్యనే కూర్చుంది. అండాలు అన్నం తెచ్చి పెడితే ముట్టలేదు. ఎండ గడప దాటి, గోడెక్కింది. ఇట్లాంటి సంగతి దాగదు కాబట్టి బజారు ఒకరొకరుగా గుమ్మం దాకా వచ్చి, లోపల పరిచిన చెత్తను చూసి, తల ఊపి, మల్లప్ప కొట్టు ముందుకు పోయి నిలబడింది. ఫోను మోగేసరికి పొద్దు వాలింది.

మల్లప్ప అరిచి పిలవనక్కర్లేకపోయింది. ఆమె అప్పటికే వస్తోంది. ఫోను చెవికి ఆనించుకుంటే లోపల గోనెసంచి ఈడ్చినట్టు చప్పుడు.

“హలో, అమ్మీ?”

“ఎవలు?”

“నేను, షరీఫున్నీసాను.”

“ఇల్లు ఊకినవా?”

ఆ గొంతు కొట్టు బయట సైకిలు మీదున్నవాడికి కూడా వినబడింది. అండాలు బెల్లం డబ్బా వైపు చూడసాగింది.

“ఇల్లంత చెత్తనే ఉన్నది అమ్మీ,” అంది షరీఫున్నీసా. అందులో అబద్ధం లేదు.

“మంచిది. మమ్మల్ని పైన తిప్పిండ్రు బిడ్డా. దిగుతది దిగుతది అన్నరు, దిగనే లేదు. గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. ఎవలో కింద నుంచి ఆపినట్టే ఉండె. పీర్ మహమ్మద్ అయితే ఇదే ఆఖరి గడియని కల్మా చదువుడు షురూ చేసిండు.”

కొట్లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షరీఫున్నీసా ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

“అమ్మీ, మాఫ్ చేసిన.”

“ఆఁ?”

“మాఫ్ చేసిన అంటున్న. నువ్వు బస్సుకాడ అడిగినవ్ గద.”

“దేనికి చేసినవ్?”

కొట్టు నిండా జనం. మల్లప్ప తూకం ఎత్తి పట్టుకొని అట్లాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు, ఆ మాట ఎప్పుడూ బయటికి రాలేదు.

“రోజు నా ఎనక ఊకినందుకు,” అంది.

అవతల గోనెసంచి చాలాసేపు ఈడ్చుకుపోయింది. తర్వాత హనీఫా బీ గొంతు వచ్చింది, కొంచెం మెత్తగా.

“నువ్వు తలుపు ఎనక ఊకవు బిడ్డా. ఎన్నడు ఊకవు. చెప్తే బాధపడ్తవని చెప్పలే.”

షరీఫున్నీసాకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క మాట అనడానికి ముసలామె సముద్రం దాటాల్సి వచ్చింది. లైను తెగిపోయింది. ఆమె ఫోను పెట్టకుండా అట్లాగే పట్టుకొని ఉంటే, మల్లప్ప మెల్లగా తీసి పెట్టాడు.

“దిగింది?” అన్నాడు.

“దిగిందన్నా.”

పదకొండున్నరకు దిగాల్సిన విమానం, కోడలు ఊడిస్తే పైన నిలబడిపోయి, చెత్త తిరిగి పరిచాకనే రెండింటికి దిగిందన్నది ఆ రాత్రికే బజారు తేల్చేసింది. జెద్దా టైము, మక్తల్ టైము అని చోటే మియా ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. దిగినామెనే చెప్పింది కదా, ఎవరో ఆపినట్టుందని. అండాలు ఈ కథను మక్తల్ సంతలో చెప్పింది, సంత నుంచి అది రాయచూరు బస్సెక్కింది, పాలమూరు బస్సెక్కింది. తర్వాత చాలా ఏళ్ళ దాకా, ఊరికి పోయినవాళ్ళు చేరారో లేదో తెలియనప్పుడు, ఆ బజారు ఆడవాళ్ళు, “ఉండుండ్రి, మన టైమా, ఆళ్ళ టైమా?” అని అడిగాకే చీపురు పట్టేవాళ్ళు.

హనీఫా బీ హజ్ నుంచి క్షేమంగా తిరిగి వచ్చి, జంజం నీళ్ళు బజారంతా పంచి, ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. ఆఖరి రోజుల్లో ఆమెకు అన్నం తినిపించింది, ఒళ్ళు తుడిచింది కోడలే.

తొంభై ఆరులోనో ఏడులోనో, గుమ్మంలో బొంత కుడుతున్న షరీఫున్నీసాను, ఈ కథంతా నిజమేనా అని ఎదురుగా కూర్చొని అడిగాం. ఆమె దారం పళ్ళతో తెంపి, సూదిని రవికెకు గుచ్చింది.

“ఎవలు చెప్పిండ్రు? అండాలేనా? ఆమె చెప్పేటియి నమ్ముతరా? చెత్త ఏరింది లేదు, పరిచింది లేదు. ఫోన్ల మాట్లాడింది లేదు, అప్పుడు మల్లప్పన్నకు ఫోనే లేకుండె. మాఫ్ గీఫ్ అంత ఉత్తదే. మా అత్తకు నాకు ఒక్కనాడు మాటపట్టింపు లేదు, ఇంక మాఫ్ దేనికి?”

ఇంకో సూదిలోకి దారం ఎక్కించుకుంది.

“అసలు మా అత్త విమానమే ఎక్కలే. ఆమె పోయింది పడవల.”